బార్సూరులో ఒక సముద్రం

పెద్ద రేవుపట్టణాల దాపున ఒక చిన్న ఊరు ఉండడం లోకంలో తరచుగా కనిపించే విషయమే. ఇటలీ దేశంలో జెనోవా నగరాన్ని ఆనుకొని బొక్కదాసె అనే జాలరుల పల్లె ఉన్నది. నగరం పెరిగి పల్లెను తనలో కలుపుకొన్నా, గులకరాళ్ల ఒడ్డూ, ఒడ్డుకు లాగిన పడవలూ, రంగు రంగుల ఇళ్లూ అలాగే నిలిచి యాత్రికులను రప్పిస్తున్నాయి. మన విశాఖపట్నానికి భీమునిపట్నం అటువంటిది. బైలాడీలా కొండల మీద ఉద్యోగం చేసే తెలుగు కుటుంబాలకు నాలుగు రోజులు సెలవు దొరికినదంటే కిరందుల్‌లో రైలెక్కి, 440 కిలోమీటర్లకు పైబడిన కొత్తవలస మార్గమంతా దిగి, భీమిలి ఇసుకలో పిల్లలను ఆడించి తిరిగి రావడం ఒక ఆనవాయితీ. మనం తవ్విన ఇనుప ఖనిజం ఏ దారిన సముద్రానికి పోతున్నదో, మనమూ ఆ దారినే పోతున్నాము.

ఈసారి మేము రైలెక్కలేదు. ఇంటి నుంచి ఒక్క పూటలో చేరి, సాయంత్రానికి తిరిగి రాగల మరొక సముద్రాన్ని చూడబోయాము. అది దంతేవాడ జిల్లాలోని బార్సూరు గ్రామంలో ఉన్నది. బస్తరులో సముద్రమేమిటని నవ్వకండి. ఆ పేరు మేము పెట్టినది కాదు.

బచేలి, దంతేవాడల మీదుగా గీదం చేరి, అక్కడ జగదల్‌పూర్ రోడ్డును వదలి ఉత్తరంగా తిరిగితే ఇరవై కిలోమీటర్లకు కొంచెం పైగా బార్సూరు. చలికాలపు ఉదయం. దారి పొడుగునా కళ్లాలలో వరికుప్పలు, ఇప్పచెట్లు, అక్కడక్కడ కుండలు కట్టిన జీలుగు చెట్లు. ఆ చెట్టును ఇక్కడ సల్ఫీ అంటారు. మన్యం జిల్లాల నుంచి వచ్చిన మా సహోద్యోగి దానిని చూచి ‘మా ఊరి జీలుగే’ అని పొంగిపోయారు గాని, దాని కల్లు రుచిని గురించి ఈ పత్రికలో రాయడం మర్యాద కాదు.

ఊరు చిన్నది. పెంకుటిళ్లు, కూరగాయల మళ్లు, చెరువులు, వాటి నడుమ వెయ్యేళ్లకు చేరువైన గుళ్లు. ఒకప్పుడు ఇక్కడ 147 గుళ్లు, 147 చెరువులు ఉండేవని ఊరివారు చెప్పుకొంటారు. లెక్క మాట ఎలా ఉన్నా, పొలం గట్ల మీద, చెట్ల మొదళ్లలో చెక్కడపు రాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పదకొండవ శతాబ్దంలో ఇది ఛిందక నాగవంశపు రాజులకు ముఖ్య పట్టణం. వారు తమను భోగవతీ పురాధీశ్వరులమని చెప్పుకొన్నారు. పిల్లతో కూడిన పులి వారి లాంఛనం. చోళులూ, చాళుక్యులూ దండెత్తినట్లు చెప్పుకొన్న చక్రకోట మండలం ఈ ప్రాంతమే.

మామా భాంజా గుడిని చూపకుండా ఇక్కడ ఎవరూ యాత్రికుని వదలరు. మేనమామ, మేనల్లుడు కలిసి ఒక్క రోజులో కట్టారని ఐతిహ్యం. టెండరు లేదు, కొలతల పుస్తకం లేదు, ఒక్క రోజులో గుడి! మన సివిల్ విభాగం మిత్రులు ఈ కథను ఎలాగూ ఒప్పుకోరు. గుడి మాత్రం చక్కని నిలువెత్తు శిఖరంతో చెక్కు చెదరక నిలిచి ఉన్నది. మరొక చోట ఇసుకరాతిలో మలచిన రెండు గణపతి విగ్రహాలు పక్కపక్కనే కూర్చొని ఉన్నాయి. పెద్ద దానిది ఏడడుగులకు పైబడిన ఎత్తు. మా బృందంలోని గృహిణులు వాటి ముందు కొబ్బరికాయ కొట్టబోగా కాపలాదారు మర్యాదగా వారించాడు. ఇది పురావస్తు శాఖవారి సంరక్షణలోని స్థలమని గుర్తుంచుకోవాలి.

మేము వచ్చినది వీటి కోసం కాదు, చంద్రాదిత్యుని గుడి కోసం. నంది ముందు మండపం, బయటి గోడల మీద దేవతామూర్తులు, మధ్య మధ్య లౌకిక శిల్పాలు. ఈ గుడిని గురించిన శాసనం ఒకటి దొరికినది. దాని కాలం క్రీ.శ. 1060. జగదేకభూషణ బిరుదాంకితుడైన ధారావర్ష మహారాజు ఏలుబడిలో, ఆయన సామంతుడు చంద్రాదిత్యుడు బారసూరులో తన పేర శివాలయం కట్టించి, ఒక చెరువు తవ్వించాడు. ఆ చెరువుకు పెట్టిన పేరు చంద్రాదిత్య సముద్రం. ఈ చంద్రాదిత్యుడు కరికాల చోళుని వంశంవాడినని చెప్పుకొన్న తెలుగు చోడుడు. ఆ శాసనపు భాష తెలుగు.

ఈ చివరి మాటను పాఠకులు మరొకసారి చదవాలని మా కోరిక. 1060 అంటే రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టారకుడు భారతాన్ని తెలిగించిన తరం. గోదావరి ఒడ్డున ఆ మహాకావ్యం రూపు కడుతున్న రోజుల్లోనే, ఇంద్రావతి చేరువన ఈ అడవి నడుమ, ఒక చెరువు సంగతిని తెలుగులో రాతికెక్కించారు. ఇది ఒంటరి ఉదాహరణ కూడా కాదు. సోమేశ్వరదేవుని పట్టపురాణి గంగమహాదేవి ఇక్కడే రెండు శివాలయాలు కట్టించినది. ఒకటి భర్త పేర వీరసోమేశ్వరం, రెండవది తన పేర గంగాధరేశ్వరం. ఆ సంగతి తెలిపే శాసనమూ తెలుగే. ముప్ఫై రెండు స్తంభాలు ఉన్నందున బత్తీసా అని పిలిచే గుడిలో ఒకే మండపానికి రెండు గర్భగృహాలు, రెండు లింగాలు, ఎదురుగా రెండు నందులు ఉన్నాయి. రాణిగారు కట్టించిన జంట ఆలయాలు ఇవేనని అంటారు. భర్త పేర గుడి కట్టించిన రాణులు చరిత్రలో ఎందరో ఉన్నారు. పక్కనే, అదే కొలతలో తన పేరనూ ఒకటి ఉండాలని కోరిన ఈ రాణి మా బృందంలోని స్త్రీలకు ఎంతో నచ్చినది. వారు అక్కడినుంచి ఒక పట్టాన కదలలేదు.

బస్తరు శాసనాలను రాయబహదూర్ హీరాలాల్ గారు గత శతాబ్దం తొలి దశకంలో ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటంలో ప్రకటించారు. ఇక్కడి రాళ్లలో కొన్ని మ్యూజియములకు తరలిపోయినవి. అందువలన గుడి ముంగిట నిలిచి వేలు పెట్టి అక్షరాలు చదవవచ్చునని ఆశించి వెళితే నిరాశే. ఎదుట ఉన్నా మనలో చాలామందికి చదవడం రాదు. నాటి లిపికీ నేటి మన ఓనమాలకూ ఎంతో ఎడం.

మాతో వచ్చిన పిల్లలలో పదవ తరగతి చదివే ఒక కుర్రవాడు, ‘ఇక్కడ సముద్రం ఎక్కడుంది అంకుల్?’ అని అడిగాడు. ఊరి చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నాము. దీనినే పూర్వులు సముద్రం అనేవారని చెప్పాము. నమ్మలేదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉన్నది, అక్కడ అలలు లేవు, బుక్కరాయల చెరువు ఉన్నది. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారంలో గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. బయ్యారం పేరు మన గనులవారికి చెప్పనక్కరలేదు, ఇనుప ఖనిజం అక్కడా ఉన్నది. సముద్రానికి దూరంగా, వానను నమ్ముకొని బతికిన తెలుగువారికి కంటి చూపు మేర నీరు నిలిస్తే అదే సముద్రం. బొక్కదాసె జాలరికి సముద్రం ఎదురుగా వచ్చి నిలిచినది. ఇక్కడివారు దానిని తవ్వుకొన్నారు.

ఆ కుర్రవాడు బచేలిలోనే పుట్టి పెరిగాడు. హిందీ ధారాళంగా చదువుతాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, రాయడం రాదు. కాపలాదారు ‘మీదే ఊరు బాబూ?’ అని హిందీలో అడగగా, ఆ పిల్లవాడు తాను రెండుసార్లు మాత్రమే చూచిన తాతగారి పల్లె పేరు చెప్పాడు. మన కాలనీలలో పెద్దల తీరూ ఇదే. 1968లో పద్నాలుగవ నిక్షేపంలో పని మొదలయిన నాటి నుంచి ఎన్ని తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చాయో, ఎన్ని రెండవ తరానికి చేరాయో మనకు తెలుసు. అయినా ఎవరిని అడిగినా, మేము ఇక్కడివారము కాము, ఉద్యోగరీత్యా వచ్చాము అనే జవాబు. పదవీ విరమణ నాటికి సామాను లారీకెత్తుతాము. ఇక్కడి ఊళ్లు, మనుషులు, వారి మాట మనకు కిటికీలోనుంచి కనబడిన దృశ్యంగా మిగిలిపోతాయి.

చంద్రాదిత్యుని రాయి ఈ ధోరణిని కొంచెం కదిలిస్తుంది. అయితే దానిని చూపి ఈ నేల ఒకప్పుడు మనదేనని మీసం మెలివేయడం తగదు. చోడ సామంతుడు వచ్చాడు, పోయాడు. ఓరుగల్లు పతనమయిన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని దంతేవాడలోని 1703 నాటి శాసనం చెబుతున్నది. ఆ వంశమూ ఏలింది, ఆ ఏలుబడీ ముగిసింది. రాజులు రాకముందూ, పోయిన తరువాతా ఇక్కడ ఉన్నవారు గోండులు, హల్బాలు. వారి మాటను చెవి ఒగ్గి వినండి. గోండీలో నీటిని ఏర్ అంటారు, మన ఏరే. పాలు పాల్, నెత్తురు నెత్తుర్. నగర్‌నార్, ఛింద్‌నార్ వంటి పేర్ల చివరి నార్ అనే మాటకు ఊరని అర్థం, మన పలనాటిలోని నాడుకు దాయాది. రాజుల కంటె ఎంతో ముందే భాషలు చుట్టరికం కలుపుకొన్నవి. పాతికేళ్లు ఇక్కడ పనిచేసి ఈ నాలుగు మాటలైనా నేర్వకుండా పోవడమే వింత.

తవ్వడం మన వృత్తి కూడా. బైలాడీలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. ఆ మూపురాన్ని మనం మెట్లు మెట్లుగా తవ్వుతున్నాము, దానివలన దేశానికి ఇనుమూ మనకు అన్నమూ లభిస్తున్నవి. చంద్రాదిత్యుడు తవ్వినది నీరు నింపడానికి. గట్టు మీద కూర్చున్నంతసేపూ ఈ తేడా మా మనసులో మెదిలినది. ఎదుట ఒక స్త్రీ ఇత్తడి బిందె తోముతున్నది. ఇద్దరు పిల్లలు గేదెను నీళ్లలోకి తోలుతున్నారు. వారికి చంద్రాదిత్యుని పేరు తెలియకపోవచ్చు. చెరువుతో పని తీరుతున్నది.

మధ్యాహ్నం సాత్‌ధార్ చూడబోయాము. ఊరికి కొద్ది దూరంలో ఇంద్రావతి నది బండరాళ్ల నడుమ ఏడు పాయలుగా చీలి పరుగెత్తే చోటు అది. ఆవలి ఒడ్డున అబూజ్‌మాడ్ కొండలు మొదలవుతాయి. చిత్రకోట వద్ద తొంభై అడుగుల పైనుంచి దూకిన నీరే ఇక్కడికి వస్తుంది. పడమరగా సాగి గోదావరిలో కలిసి, భద్రాచలం, రాజమహేంద్రవరం దాటి తెలుగు తీరాన సముద్రం చేరుతుంది. మనం రైలులో ఒక్క రోజులో చేరే సముద్రానికి ఈ నీరు పెద్ద చుట్టు తిరిగి వెళ్తున్నది.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. కార్తికం నుంచి మాఘం వరకు అనువైన కాలం. వేసవిలో ఆ రాళ్ల మీద కాలు మోపలేము. కొన్నేళ్ల పాటు ఈ దారిన పోవడానికి జనం వెనుకాడిన మాట నిజమే. నేటికీ గీదంలో దారి సంగతి విచారించుకొని కదలడం మంచిది. భోజనం ఇంటి నుంచి తెచ్చుకోండి, విస్తళ్లూ ప్లాస్టిక్ సంచులూ తిరిగి ఇంటికే తీసుకుపొండి. మా కంటె ముందు వచ్చిన బృందం ఒకటి పులిహోర పొట్లాలను చెరువులోనే వదలి వెళ్లినది. పొట్లం కట్టిన కాగితం తెలుగు దినపత్రిక. ఆ ఊరివారి ముందు మేము తలవంచుకొని, కర్రతో వాటిని ఒడ్డుకు లాగవలసి వచ్చినది.

సాత్‌ధార్ బండలు నాచు పట్టి జారుతాయి, పిల్లల చేయి వదలకండి. బార్సూరు నుంచి మూడు గంటలకు బయలుదేరితే చీకటి పడకముందే దంతేవాడలో అమ్మవారి దర్శనం చేసుకొని ఇల్లు చేరవచ్చును.