నిజామియా వేధశాలను మళ్లీ తెరవాలి

పంజాగుట్ట, అమీర్‌పేటల పక్కనే బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ ఉంది. సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ నడుస్తున్నది కూడా ఆ ఆవరణలోనే. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో అనేక దేశాల వేధశాలలు కలిసి ఆకాశం మొత్తాన్నీ ఫొటో తీసి కొలిచే పనికి పూనుకున్నాయి. అందులో హైదరాబాదు వంతు పని జరిగింది ఇక్కడే. బేగంపేటలో ఆకాశ పరిశీలన ఆగిపోయి దశాబ్దాలైంది. గుమ్మటాలు శిథిలమవుతున్నాయి. ఈ వేధశాలను బాగుచేసి, అక్కడ మిగిలిన శాస్త్ర సంపదను భద్రపరచి, జనానికి తలుపులు తెరవాలి. రాష్ట్ర ప్రభుత్వం, ఉస్మానియా విశ్వవిద్యాలయం కలిసి చేయాల్సిన పని ఇది.

వేధశాలకు పునాది వేసింది హైదరాబాదు సంస్థానపు ప్రముఖుడు నవాబ్ జఫర్ జంగ్. గ్రబ్ సంస్థ తయారుచేసిన 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించుకుని, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. తన తదనంతరం అది ప్రభుత్వానికి చెందాలని కోరుకున్నాడు. 1907లో ఆయన మరణించాక సంస్థానం వేధశాలను స్వాధీనం చేసుకుంది. 1908లో డైరెక్టరుగా వచ్చిన ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఆకాశాన్ని ఫొటో తీయాలన్న సంకల్పం 1887లో పారిస్‌లో జరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుల సమావేశంలో పుట్టింది. ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు గనుక, ఆకాశాన్ని అడ్డ పట్టీలుగా విభజించి సుమారు ఇరవై వేధశాలలు పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు దక్కింది. అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాదుకు వచ్చింది. కుక్ సంస్థ తయారుచేసిన 8 అంగుళాల ఫొటోగ్రాఫిక్ దూరదర్శినితో 1914 నుంచి 1929 దాకా ఆ పట్టీని గాజు ప్లేట్ల మీదికి ఎక్కించారు. పని అంతటితో పూర్తి కాలేదు. ఉత్తరాన జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయిన పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల దాకా ఉన్న భాగాన్ని కూడా హైదరాబాదే తీసుకుని ముగించింది.

ఒక్కో ప్లేటులో పట్టేది రెండు డిగ్రీల చదరం మాత్రమే. ప్లేటును కొలత యంత్రంలో పెట్టి, ప్రతి చుక్క స్థానాన్ని కంటితో చూసి అంకెల్లో రాయాలి. లక్షల నక్షత్రాలకు ఇదే పని. కంప్యూటర్లు లేని కాలంలో రాబర్ట్ పోకాక్, టి.పి. భాస్కరన్ వంటి డైరెక్టర్ల ఆధ్వర్యంలో, పేర్లు ఎక్కడా కనిపించని ఎందరో సిబ్బంది ఏళ్ల తరబడి ఈ కొలతలు తీశారు. ఫలితాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ తర్వాత చాలాకాలం వాటిని తిరగేసినవారు తక్కువ. ఇంత శ్రమ వృథా అయిందని అనుకున్నవారూ ఉన్నారు.

వృథా కాలేదు. 1989లో ఐరోపా అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపింది. అది నక్షత్రాల స్థానాలను అంతకుముందు ఎన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది, కాని కొలిచింది నాలుగేళ్ల లోపే. నక్షత్రాల కదలిక అతి స్వల్పం. అది ఎటు, ఎంత వేగంగా జరుగుతోందో తేల్చాలంటే రెండు కొలతల మధ్య కాలం ఎంత ఎక్కువగా ఉంటే అంత మేలు. అలాంటి పాత కొలతలు బేగంపేట వంటి వేధశాలల సంపుటాల్లోనే దొరికాయి. వాటిని ఉపగ్రహ కొలతలతో జోడించి 2000లో టైకో-2 అనే పట్టికను ప్రచురించారు. 25 లక్షల నక్షత్రాల స్థానాలు, గతులు అందులో ఉన్నాయి. పెద్ద శాస్త్ర పరికరాల లాభనష్టాలను ఐదేళ్ల బడ్జెట్‌తో లెక్కవేయడం ఎంత పొరపాటో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. 1914లో తీసిన ప్లేటు విలువ తెలియడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. అప్పటిదాకా ఆ అంకెలను ఎవరో దాచి ఉంచారు గనుకే పనికొచ్చాయి.

ఈ వేధశాల మనుషులనూ తయారుచేసింది. ఆధునిక భారత ఖగోళశాస్త్ర పితామహుడిగా పేరొందిన వేణు బప్పు తండ్రి ఇక్కడి ఉద్యోగి. బప్పు హైదరాబాదులో చదువుకుని, సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో హార్వర్డ్ వెళ్లాడు. అక్కడే 1949లో మరో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నాడు. తిరిగి వచ్చాక కావలూరు వేధశాలను, భారత ఖగోళ భౌతిక సంస్థను నిర్మించాడు. దూరదర్శిని ఉన్న ఊళ్లో పెరిగిన పిల్లవాడు దేశానికంతటికీ దూరదర్శినులు సమకూర్చాడు.

నగరం పెరిగి దీపాల వెలుగు కమ్మేశాక, 1968-69లో నగరానికి ఆగ్నేయంగా జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట మీద ఉస్మానియా 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. తర్వాత దాన్నీ నిర్లక్ష్యం ఆవరించింది.

పేదరికం ఉన్న దేశంలో చుక్కలు లెక్కపెట్టడానికి, రాకెట్లు కట్టడానికి డబ్బు ఎందుకన్న ప్రశ్న ఎప్పుడూ వినిపిస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు పంజాగుట్టలోనే ఉంది. అగ్ని క్షిపణి కోసం హైదరాబాదు రక్షణ ప్రయోగశాలలో తయారైన తేలికపాటి పదార్థాన్ని పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు చూసి, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలామ్‌ను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను అక్కడ చూపించారు. కొద్ది వారాల్లోనే 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలామ్ ఈ సంగతిని ఎన్నో సభల్లో చెప్పారు. క్షిపణి పథకం కాగితాల్లో ఎక్కడా ఆ పిల్లల ప్రస్తావన ఉండదు. అయినా ప్రయోగశాల, ఆసుపత్రి ఒకే ఊళ్లో ఉండడం, ఒకరి తలుపు మరొకరికి తెరిచి ఉండడం వల్ల అది సాధ్యమైంది. 2004 సునామీ తర్వాత, 2007లో హైదరాబాదులోనే సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. దాన్ని నడుపుతున్న సముద్ర సమాచార సంస్థే చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు తెలియజేస్తోంది.

బేగంపేటలో చేయాల్సిన పనికి కొత్త ఉపగ్రహాలకయ్యే ఖర్చు అవసరం లేదు. ముందుగా ఆవరణలోని వేధశాల స్థలం శాస్త్ర ప్రయోజనానికే ఉండాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. నగరం నడిబొడ్డున ఖాళీగా కనిపించే స్థలం ఎంతోకాలం ఖాళీగా మిగలదు. మిగిలిన గాజు ప్లేట్లు, కొలతల పుస్తకాలు, ఉత్తరాలు ఏవి ఎక్కడున్నాయో జాబితా రాసి, స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో పెట్టాలి. హార్వర్డ్ తన ప్లేట్లను లక్షల సంఖ్యలో ఇలాగే స్కాన్ చేయించింది. గుమ్మటాలనూ పరికరాలనూ బాగుచేయాలి. నగరపు వెలుగులో మసక నక్షత్రాలు కనిపించవన్నది నిజమే. చంద్రుడి గుంటలు, గురుగ్రహపు చంద్రులు, శని వలయాలు, సూర్యుడి మచ్చలు చూడడానికి ఆ వెలుగు అడ్డు కాదు. వారానికొక రాత్రి తెరిచినా, అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కోర్సులు నేర్చుకునే వేలమంది యువకులకు, చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలకు అది నడిచి వెళ్లేంత దగ్గర.

అన్నిటికన్నా ముఖ్యమైనది నిర్వహణ నిధి. మరమ్మతుకు ఒకసారి డబ్బిచ్చి వదిలేస్తే పదేళ్లలో మళ్లీ ఇదే స్థితి. రంగాపూర్‌లోని పెద్ద దూరదర్శిని అద్దానికి అల్యూమినియం పూత ఎప్పటికప్పుడు వేయాలి, గుమ్మటం తిప్పే మోటార్లు చూసుకోవాలి, వాటిని ఎరిగిన టెక్నీషియన్లు నిలకడగా ఉద్యోగంలో ఉండాలి. బేగంపేటకూ రంగాపూర్‌కూ కలిపి ఏటా విడుదలయ్యే ప్రత్యేక పద్దు బడ్జెట్‌లో ఉండాలి.

పంజాగుట్ట, అమీర్‌పేట, బేగంపేట నివాసులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ కోరికలను ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతికీ రాష్ట్ర ఉన్నత విద్యాశాఖకూ రాతపూర్వకంగా పంపాలి. తమ శాసనసభ్యులను, కార్పొరేటర్లను ఈ విషయమై నిలదీయాలి.