గృహవిజ్ఞానము: ఒక మాటకు మూడు లిపులు



కోనసీమ గృహిణులకు ఆశ్వయుజ కార్తికములు దీపముల మాసములే కాక గాలివానల మాసములును అయియున్నవి. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి మన సీమపై విఱుచుకొనిపడిన తుపాను వేయిమందికి మించి ప్రాణములను హరించెను. తరతరముల కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురమునకు సమీపమున తీరము దాటినపుడు అంతర్వేది మొదలు అమలాపురము వఱకు ఎన్ని యిండ్లలో కునుకు లేకుండెనో మీరెఱుగుదురు. అట్టి రాత్రులందు మొదట పోవునది దీపము. పిదప పోవునది మాట. సెల్‌ఫోను స్తంభమునకు విద్యుత్తు అందక, దాని బ్యాటరీ అడుగంటినంతనే మన చేతిలోని ఫోను మూగపోవును. కొత్తపేటలోని కూతురు క్షేమముగా నున్నదో లేదో రాజోలులోని తల్లికి తెలియు దారి యుండదు.

ఇట్టి వేళల నక్కఱకు వచ్చునది ఔత్సాహిక రేడియో. దీనినే హామ్ రేడియో యందురు. తీగలతోను, స్తంభములతోను నిమిత్తము లేక ఒక యంత్రము, ఒక బ్యాటరీ, ఒక ఏంటెన్నా మాత్రమే యాధారముగా దూరస్థులతో మాటాడు విద్య యిది. దీనిని వ్యాపారమునకు వాడరాదు. కేంద్ర ప్రభుత్వము జరుపు పరీక్షలో నెగ్గి, లైసెన్సును, తమదగు పిలుపుగుర్తును పొందినవారే వాడవలెను. పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలును పరీక్షకు కూర్చుండవచ్చును. హైదరాబాదున 1983లో నెలకొన్న జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యను వ్యాపింపజేయుటలో పేరుగన్నది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అను సోదరి 2004 డిసెంబరులో రేడియో కార్యక్రమమునకై తన బృందముతో అండమాను దీవులకు పోయి యుండగా, 26వ తేదీన సునామీ విరుచుకొనిపడెను. వార్తామార్గములు తెగిపోయిన ఆ దీవులనుండి వారు తమ యంత్రములతో ఆర్తుల సందేశములను ప్రధాన భూభాగమునకు చేర్చిరి. ఇది మగవారి కాలక్షేపమని తలచువారికి ఈ యొక్క నిదర్శనము చాలును.

ఇట్లు ఈ విద్యపై ఆసక్తి పుట్టిన యిండ్లలో నేడొక సందేహము వినవచ్చుచున్నది. "మా పిల్ల డిజిటల్ యంత్రము కొనుమనుచున్నది, అందులో మూడు తెగలున్నవట, ఏది మేలు?" అని తల్లులడుగుచున్నారు. ఇంటి సొమ్ము వెచ్చించు విషయము కావున దీనిని గూర్చి కొంత విచారింతము.

పాత పద్ధతియగు ఎఫ్.ఎం.లో మన కంఠధ్వని యొక్క కదలికయే రేడియో తరంగమునకును కదలిక యగును. కావున ఏ కంపెనీ యంత్రమైనను వేఱొక కంపెనీ యంత్రముతో మాటాడగలదు. డిజిటల్ పద్ధతి యట్టిది కాదు. యంత్రము మన మాటను సెకనులో ఏబదవ వంతు తునుకలుగా కోయును. ప్రతి తునుకకును శ్రుతి యెంత, బిగువెంత, ధ్వని యెట్టిది యని గణించి, ఆ లెక్కను మాత్రమే సున్నలు ఒకట్లుగా పంపును. అవతలి యంత్రము ఆ లెక్కను చూచి కంఠమును తిరిగి కల్పించును. పులుసును గిన్నెలో పోసి పంపక, పులుసు చేయు విధానమును చీటిపై వ్రాసి పంపుట వంటిదే యిది. చీటి తేలిక, దారిలో ఒలికిపోదు. కాని యందుకొన్నవారికి ఆ లిపి రానిచో చీటి వ్యర్థమే.

ఆ లిపులే యిపుడు ప్రధానముగా మూడైనవి. మొదటిది డి-స్టార్. జపాను ఔత్సాహిక రేడియో సంఘము దీనిని రూపొందించి 2001లో ప్రకటించెను. సెకనుకు 4800 అంకెలు పోవు దీనియందు 3600 మాటకును, 1200 పిలుపుగుర్తు మొదలగు సమాచారమునకును చెల్లును. ఐకామ్ కంపెనీ యంత్రములు దీనికి ప్రసిద్ధములు. రెండవది డి.ఎం.ఆర్. ఐరోపా ప్రమాణసంస్థ 2005లో వెలువరించిన యిది నిజమునకు కర్మాగారములు, కావలివారు వాడు వాకీటాకీల కొఱకు పుట్టినది. ఒకే మార్గమున కాలమును వంతులు వేసికొని రెండు సంభాషణలు సాగుట దీని విశేషము. అనేక కంపెనీలు చేయుటచే ఈ తెగలో చవుక యంత్రములును దొరకును. మూడవది సిస్టమ్ ఫ్యూజన్. జపానునకే చెందిన యాయెసు కంపెనీ 2013లో దీనిని తెచ్చెను.

చిత్రమేమనగా, ఈ మూడింటిలోను కంఠమును అంకెలుగా మార్చు విద్య ఒకే అమెరికా కంపెనీది. డి-స్టార్‌లో నున్నది పాత తరము. తక్కిన రెంటిలో నున్నది తరువాతి తరము. ఐనను అంకెలను కూర్చు వరుసలు వేఱగుటచే ఒకదాని మాట మఱియొకదానికి తెలియదు. ఒక యింట పుట్టి మూడిండ్లకు కోడండ్రై పోయి పలుకరింపులు మానుకొన్న అక్కచెల్లెండ్ర గతి యిది. ఆ విద్యయొక్క హక్కు కంపెనీ చేతిలో నుండుట నచ్చక, ఆస్ట్రేలియావాడగు డేవిడ్ రో ఎల్లరు చదివి వాడుకొనదగిన కోడెక్ 2 అను విధానమును రచించెను. దాని నాధారము చేసికొని 2019లో పోలండు దేశమున ఎం17 అను బహిరంగ పద్ధతి యారంభమైనది. ఇది మెచ్చదగిన ప్రయత్నమే. కాని మన పొరుగున వినువారు లేనిచో దానివలనను తక్షణ ప్రయోజనము తక్కువ.

ఒక లిపిని మఱియొక లిపిలోనికి మార్చు వంతెనలును కలవని కొందఱందురు. కలవు. కాని వానిలో పెక్కింటికి ఇంటర్నెట్టు కావలెను. తుపాను నాడు ముందుగా తెగునది అదియే కదా! ఎండ కాయు దినములలో నడచి, వరద నాడు మునిగిపోవు వంతెనను నమ్మి యేటి కావల పిల్లలను విడువము.

సుందరకాండమున శింశుపావృక్షముపై నున్న హనుమంతుని యోచనను స్మరింపుడు. తాను సంస్కృతమున పలికినచో రావణుడే వచ్చెనని జానకి భయపడునేమోయని యెంచి, ఆమెకు విశ్వాసము గలిగించు మానుషభాషను ఆయన యెన్నుకొనెను. తనకు వచ్చిన భాషలలో శ్రేష్ఠమేదని చూడలేదు. వినువారికి ఏది చేరునని చూచెను. భారతమున విదురుడు లక్కయింటి ముప్పును ధర్మరాజునకు ఇతరులకు తెలియని పలుకులతో చెప్పెను. రహస్యమునకు అది తగును. ఆపదలో నలుగురిని పిలువవలసినవారికి విదురుని పలుకు కాదు, హనుమంతుని వివేకము కావలెను.

డిజిటల్ పద్ధతిని మేము నిరసించుట లేదు. అందు మాట నిర్మలముగా వినబడును. పిలిచినవారి గుర్తు తెరపై కనబడును. కాని దాని కొక స్వభావము కలదు. సంకేతము బలహీనమైన కొలది ఎఫ్.ఎం.లో గరగర పెరుగును. ఐనను చెవియొగ్గినవారు మాటను పోల్చుకొనగలరు. డిజిటల్ మాట కడవఱకు స్వచ్ఛముగా నుండి, హద్దు దాటినంతనే పుటుక్కున తెగును.

కావున కొనువారికి మేము చెప్పునది యిది. మొదట పరీక్ష, లైసెన్సు, పిదప యంత్రము. పొరుగూళ్లలో లైసెన్సు గలవారు ఏ తెగ యంత్రమును వాడుచున్నారో విచారించి యదియే కొనుడు. ప్రకటనలను చూచి కొనకుడు. ఏ తెగదైనను అందు ఎఫ్.ఎం. తప్పక యుండవలెను, అది లేని యంత్రమును చవుకయని తేకుడు. బ్యాటరీని విద్యుత్తు లేనపుడును నింపుకొను ఉపాయము, సూర్యరశ్మి పలక వంటిది, ముందే సమకూర్చుకొనుడు. తుపాను మాసములకు ముందే వారమున కొకమాఱు తోటివారితో ఎఫ్.ఎం.లో మాటాడి చూచుకొనుడు. అలవాటు లేని యంత్రము ఆపదలో అక్కఱకు రాదు.

గౌతమి, వైనతేయ, వసిష్ఠ వేర్వేరుగా సముద్రమును చేరినను మన పొలములకు వచ్చునది ఒక్క గోదావరి నీరే. కంపెనీల పోటీ యెన్నడు తీరునో వేచియుండ బనిలేదు. గ్రామమున నలుగురు ఆడుబిడ్డలు ఈ పరీక్షకు చదివి, ఒకే మార్గమున మాటాడుట నేర్చినచో, రాబోవు గాలివాన రాత్రి రాజోలు తల్లికి కొత్తపేట కబురు అందును.