దోమకు కులం లేదు, కాలవకు ఉంది

మా అమ్మకు బోదకాలు. మోకాలి కింద నుంచి పాదం దాకా వాచిపోయిన ఆ కాలితోనే నాట్లు వేసింది, కోతలు కోసింది, నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఏదో పాపం చేసుకుంది, దేవుడు శపించాడు అని ఊళ్లో అనేవాళ్లు. అమ్మ అదే నమ్మింది. ఇంటర్‌లో జంతుశాస్త్రం పుస్తకం తెరిచేదాకా నేనూ నమ్మాను. అది పాపమూ కాదు, శాపమూ కాదు. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ ఒంట్లోకి ఎక్కించిన దారప్పోగులాంటి పురుగు. ఆ మురుగు మా గుమ్మం ముందే నిలవ ఉండేది. కాని అది మా ఇంటి మురుగు కాదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే, పోయిన వానాకాలం మా బడిలో పల్లె పిల్లలు వరసపెట్టి జ్వరాలతో పడిపోయారు. పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టారు. పైనుంచి వచ్చిన ఒకాయన మైకు పట్టుకుని, "మీ పల్లెలో శుభ్రత లేదమ్మా, అందుకే మీకు దోమలు" అన్నాడు. మనోళ్లంతా తలలు వంచుకున్నారు. నేను లేచి ఒక్కటే అడిగాను. "అయ్యా, మా పల్లెలో నిలిచిన ఆ నీళ్లు ఎవరివి?" జవాబు రాలేదు.

జవాబు కాలవే చెప్తుంది. మర్నాడు సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని కాలవ వెంట నడిచాను. గుడి వీధిలో మొదలవుతుంది. సిమెంటు కాలవ, పైన నాపరాళ్లు. పెద్దిళ్ల స్నానాల నీళ్లు, గేదెల్ని కడిగిన నీళ్లు, సెంటర్లో టీ హోటలు గిన్నెలు కడిగిన నీళ్లు, అన్నీ అందులోనే. సరిగ్గా పల్లె మొదట్లో సిమెంటు ఆగిపోయింది. అక్కణ్ణుంచి మట్టి గుంట. వాలు లేదు, నీళ్లు పోయే దారి లేదు. "డబ్బులు అయిపోయినాయా సార్?" అని ఒక పిల్ల అడిగింది. డబ్బులు కాదమ్మా, ఊరు అయిపోయింది.

దోమకు కులం లేదు. దొరనీ కుడుతుంది, పాలేరునీ కుడుతుంది. కాని దోమ పుట్టే చోటుకు కులం ఉంది. మంచినీళ్ల చెరువు ముట్టుకునే హక్కు కోసం 1927లో బాబాసాహెబ్ మహద్‌లో నడవాల్సి వచ్చింది. 1985లో కారంచేడు మాదిగల నెత్తురు కళ్లజూసిన గొడవ మొదలైందీ మంచినీళ్ల చెరువు దగ్గరే. మంచినీళ్ల దగ్గర మనల్ని దూరం పెట్టినోళ్లు మురుగునీళ్లు మాత్రం అడగకుండానే పంపిస్తున్నారు.

శత్రువు సంగతి తెలియకుండా పోరాటం చేయలేం. కాబట్టి దోమ సంగతి వినండి. కుట్టేది ఆడదోమే. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన ఎండలకు వారం పది రోజులు చాలు. ఆ కాలమంతా అది నీళ్లలోనే ఉంటుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ కూడా రాత్రిదే, దానికి మురుగు కావాలి. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ పట్టపగలు కుడుతుంది. దానికి కావాల్సింది మంచినీళ్లు. మన గాబులు, డ్రమ్ములే దాని ఇల్లు.

ఇక్కడ మన తప్పు మనం ఒప్పుకుందాం. అయితే గాబులు ఎందుకు నింపుతున్నాం? కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. నిలవ పెట్టుకోక ఏం చేస్తాం? కాని పిల్లల ప్రాణాలు ముఖ్యం. గాబు మీద మూతో, పాత చీరో బిగించి కట్టండి. వారానికొకసారి ఖాళీ చేసి లోపలి అంచులు పీచుతో గట్టిగా రుద్దండి. ఏడిస్ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయినా చావవు, నీళ్లు తగిలితే మళ్లీ లేస్తాయి. ఆరోగ్యశాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే అంటారు. ఆ రోజే పెట్టుకుందాం. సెంటర్లో పంక్చరు షాపులు నడిపే మన కుర్రాళ్లు టైర్లని నీడకు చేర్చాలి, లేదా కన్నాలు పెట్టాలి. బోండాల బండి దగ్గర చిప్పలు బోర్లించాలి. కూలరు నీళ్లు, ఫ్రిజ్ వెనక పళ్లెం నీళ్లు పారబోయాలి. జ్వరం వస్తే సూది మందుకు పరుగెత్తకుండా ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించాలి.

ఇదంతా మనం చేస్తాం. మరి పంచాయతీ ఏం చేస్తుంది? జ్వరాలొచ్చాక పొగ మిషను తిప్పుతుంది. పిల్లలు దాని వెనక పరుగెత్తి సంబరపడతారు. ఆ పొగకు చచ్చేది అప్పటికి ఎగురుతున్న దోమలే. గుంటలో ఉన్న లార్వాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మందు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో దేశం చూసింది. 1953 నుంచి డీడీటీ కొట్టి మలేరియాని దాదాపు తుడిచేశామన్నారు. 1976 నాటికి 64 లక్షల కేసులతో తిరిగొచ్చింది. దోమ మందుకు అలవాటు పడింది. నీళ్లు నిలిచే చోటు మాత్రం అలాగే ఉంది.

ఇంకో మాట. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమల చేత తన ఒళ్లు కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్. కూలి దోమకు ఒక అణా. రాస్ పేరు మా పిల్లలు పరీక్షల్లో రాస్తారు. ఒళ్లు అప్పజెప్పినవాడి పేరు ఎవరికి తెలుసు? ఇప్పుడూ అంతే. కాలవలో దిగి పూడిక తీసేది మనోళ్లు, మందు కొట్టేది మనోళ్లు. చేతికి తొడుగుల్లేవు, కాలికి బూట్లు లేవు. శుభ్రత లేదనే మాట పడేదీ మనోళ్లే.

అందుకే అడుగుదాం. 1992లో వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పారిశుధ్యాన్ని పంచాయతీలకు అప్పజెప్పదగ్గ పనుల పట్టికలో చేర్చింది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో నూటికి 30 పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మన పంచాయతీలో ఆ డబ్బు ఏ వీధిలో సిమెంటు అయిందో లెక్క చదవమనండి. కాలవని పల్లె దాటించి చివరిదాకా వాలు చూసి కట్టమనండి. వాలు దొరకని చోట ఇంకుడు గుంటలు తవ్వమనండి. అప్పటిదాకా నిలిచిన మురుగులో వాడేసిన ఇంజనాయిల్‌లో నానబెట్టిన రంపపుపొట్టు మూటలు వేయించండి. పైన పొర కట్టి లార్వాకు ఊపిరాడదు. తాగే నీళ్లలో, చేపల గుంటల్లో మాత్రం వేయకూడదు. పూడిక తీసేవాళ్లకు తొడుగులు, బూట్లు, సరైన కూలి ఇవ్వమనండి.

అడిగేటప్పుడు ఒక్కరు వెళ్లకండి. అర్జీ రాసుకుని పల్లె పల్లెంతా గ్రామసభకు వెళ్లండి, అక్కచెల్లెళ్లు ముందు నడవండి. సభలో చదివించి తీర్మానాల పుస్తకంలో ఎక్కించేదాకా లేవకండి. రాయడం రాకపోతే మీ బడి పంతుల్ని అడగండి, లేకపోతే నాలాంటి వాళ్లని పిలవండి.

మా అమ్మ ఆ కాలితోనే పోయింది. శాపమనుకునే పోయింది. మన పిల్లలు అలా అనుకోకూడదు. శుక్రవారం గాబు కడుగుదాం. గ్రామసభలో కాలవ అడుగుదాం.

జై భీమ్!