ఆయాసానికీ ఓ కొలత ఉంది!



జ్వరం వస్తే థర్మామీటరు పెడతారు. ఎత్తు, బరువు కొలిచి రాసుకుంటారు. మరి పరుగెత్తేటప్పుడు వచ్చే ఆయాసాన్ని ఎవరైనా కొలిచారా? మన దగ్గర దానికి ఒకటే పేరు, బద్ధకం.

ఏడో తరగతిలో ఆ మాట నేనూ పడ్డాను. ఉదయం గ్రౌండులో మూడో రౌండుకే ఛాతీ పట్టేసేది. చెబితే "నాటకాలాడకు" అని ఇంకో రౌండు కొట్టించారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత చెప్పడమే మానేశాను. వేసవి సెలవుల్లో అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్తే ఉబ్బసం అని తేలింది.

ఆయాసం పడేవాడికే తెలుస్తుంది. నాడి పట్టుకుంటే గుండె వేగం తెలుస్తుంది గాని లోపలి బాధ తెలియదు. అందుకే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్, శ్రమ ఎంతో చేసేవాడినే అడగాలని 6 నుంచి 20 అంకెల కొలత తయారుచేశాడు. అది పిల్లలకు తికమకగా ఉంటుందని 1994లో బ్రిటన్ పరిశోధకులు 1 నుంచి 10 వరకు పిల్లల మాటల్లోనే ఒక పట్టిక తెచ్చారు. 2000లో అమెరికాలో వచ్చిన 'ఓమ్ని' కొలతలో సైకిల్‌పై గుట్ట ఎక్కే పిల్లవాడి బొమ్మలుంటాయి. కింద 0, శిఖరాన 10. కెనడావాళ్ళు ఛాతీ బిగుసుకోవడానికీ, గొంతు మూసుకుపోవడానికీ వేర్వేరు బొమ్మలు గీశారు.

మన గ్రౌండు గోడమీద 0 నుంచి 10 వరకు మెట్లు గీయడానికి డబ్బా రంగు చాలు. కింద 'హాయిగా ఉంది', పైన 'ఇక నా వల్ల కాదు' అని రాస్తే సరి.

"పిల్లలు అబద్ధం చెబుతారు కదా!" అంటారు కొందరు. ఒకరోజు చెప్పవచ్చు. కానీ ఒకే రౌండుకు అందరూ 4 అంటుంటే, ఒకడు రోజూ 9 అంటే వాడిని డాక్టరుకు చూపించాలి. జబ్బేమిటో అంకె చెప్పదు, చూపించాలని మాత్రం చెబుతుంది. ఆటలు ఎగ్గొట్టడానికి కాదు ఈ కొలత. సరైన మందు వాడుతూ నేనిప్పుడు కబడ్డీ ఆడుతున్నాను.

ఒక్కటే షరతు. 9 అన్నవాడిని తిట్టకూడదు, నవ్వకూడదు. తిడితే మర్నాడు అందరూ 3 అనే చెబుతారు. భయమున్నచోట ఏ కొలతా పనిచేయదు.

కాబట్టి పి.ఇ.టి. సార్లకు, వార్డెన్ సార్లకు నా విన్నపం: విజిల్ వేసే ముందు ఒక్కసారి "ఎంత?" అని అడగండి. మేం చెప్పిన అంకెను నమ్మండి.

– పదో తరగతి విద్యార్థి