వాయిస్‌మెయిల్‌కి ఏఐ సరే, ముందు కాల్ ఎవరికొచ్చిందో చెప్పండి!

"ఏఐ వాయిస్‌మెయిల్" అని డబ్బా మీద పెద్దక్షరాలతో వేసుకునే ఆఫీస్ ఫోన్ సిస్టమ్స్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. కాల్ ఎవరి కోసం వచ్చిందో తెలియని వాయిస్‌మెయిల్‌కి ఎంత ఏఐ తగిలించినా దండగే.

తగరపువలసలో హైవే పక్కన తెలిసినవాళ్ల డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఈమధ్య ఒకటి చూశా. పద్మనాభం వైపు పల్లెల నుంచి పెద్దవాళ్లు రిపోర్టుల కోసం ఫోన్ చేస్తుంటారు. రిపోర్టుల ఎక్స్‌టెన్షన్ బిజీగా ఉంటే కాల్ వాయిస్‌మెయిల్‌కి పోతుంది. అదేమో "కావాల్సిన ఎక్స్‌టెన్షన్ నొక్కండి" అని మళ్లీ మొదటికొస్తుంది! వాళ్లు విసిగిపోయి కట్ చేస్తారు. షుగర్ రిపోర్ట్ ఇంకో రోజు ఆగుతుంది.

ఈపీఏబీఎక్స్ కాల్‌ని మళ్లించేటప్పుడు మూడు సంగతులు చెప్పాలి: ఎవరు చేశారు, మొదట ఏ నంబర్‌కి చేశారు, ఎందుకు మళ్లింది. ఇక్కడ రెండోది దారిలోనే పోతోంది. ఏ మెయిల్‌బాక్స్ తెరవాలో పాపం దానికి తెలీదు.

ఇదేం బ్రహ్మవిద్య కాదండీ. 1980ల్లోనే బెల్‌కోర్ వాళ్ల ఎస్ఎండీఐ పద్ధతిలో, 1200 బాడ్ సీరియల్ కేబుల్ మీద, చిన్న మెసేజ్‌లో మొత్తం వెళ్లిపోయేది. కారణానికి ఒక్క అక్షరం: బిజీ అయితే బి, ఎత్తకపోతే ఎన్, అన్ని కాల్స్ మళ్లించి ఉంటే ఏ, నేరుగా వాయిస్‌మెయిల్‌కే చేస్తే డి.

ఇప్పటి సిప్ సిస్టమ్స్‌లో అదే పనికి డైవర్షన్, హిస్టరీ-ఇన్ఫో అని రెండు హెడర్లున్నాయి. చిక్కల్లా ఇక్కడే. ఫోన్ సిస్టమ్ ఒకటి పంపితే, వాయిస్‌మెయిల్ ఇంకోదాని కోసం వెతుకుతుంది. కాల్ రెండుసార్లు మళ్లితే ఇంకా తమాషా: డైవర్షన్‌లో తాజా మళ్లింపు పైన ఉంటుంది, హిస్టరీ-ఇన్ఫోలో పాతది ముందుంటుంది. వరస తిరగేసి చదివితే రిసెప్షన్‌కి చెప్పినది డాక్టర్ బాక్స్‌లో పడుతుంది.

కొనేముందు స్పెక్ షీట్ పక్కన పెట్టి, డీలర్ ఎదుటే మూడు కాల్స్ చేయించండి. ఎక్స్‌టెన్షన్ బిజీగా ఉంచి ఒకటి, ఎత్తకుండా ఒకటి, రెండుసార్లు మళ్లించి ఒకటి. మూడింటికీ సరైన మెయిల్‌బాక్స్ తెరుచుకోకపోతే, మెసేజ్‌ని తెలుగులో టైప్ చేసిచ్చినా సరే, నేనైతే కొనను.