బూట్లు తడిస్తేనే మంచిది!

స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న బెన్ గ్రియమ్ బెగ్ కొండ ఎత్తు 580 మీటర్లే. అయితే కొండ ఎక్కడం కన్నా దాని దాకా వెళ్లడమే కష్టం! చుట్టూ 'ఫ్లో కంట్రీ' అనే ఊబినేల. అడుగేస్తే బూటు కూరుకుపోతుంది. కింద ఉన్నది మట్టి కాదు, కుళ్లీ కుళ్లని నాచు పేరుకున్న 'పీట్'. అది మీటరు మందం పెరగడానికి సుమారు వెయ్యేళ్లు పడుతుంది.

1980ల్లో పన్ను రాయితీల కోసం ఇక్కడ కాలువలు తవ్వి స్ప్రూస్, పైన్ చెట్లు నాటారు. నేల ఎండి, వేల ఏళ్లుగా దాచుకున్న కార్బన్ గాల్లో కలవడం మొదలైంది. అందుకే తర్వాత చాలాచోట్ల ఆ చెట్లనే నరికి, కాలువలు పూడ్చి, నేలను మళ్లీ తడుపుతున్నారు. 2024లో యునెస్కో ఫ్లో కంట్రీని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

నడిచేవారి బూట్లు తడుస్తున్నాయంటే... ఆ నేల ఇంకా బతికున్నట్టే!