ముసలి యుద్ధక్రీడ, ముగియని తగవు

కంప్యూటరు క్రీడల వ్యాపారమునందు వస్తువు పుట్టిన యేడాదికే పాతబడుటయు, రెండేండ్లకు మఱపున పడుటయు సర్వసాధారణమై యుండగా, 1999 సెప్టెంబరు నెలాఖరున అమెరికాలోని డల్లాసు నగరపు ఎన్సెంబుల్ స్టూడియోస్ వారు నిర్మింపగా మైక్రోసాఫ్ట్ వారు వెలువరించిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ’ అను యుద్ధక్రీడను నేటికిని వేలకొలది జనులు ప్రతిదినము ఆడుచుండుట యొక వింత. ఆడుచున్నవారు దాని నియమములను గూర్చి నేటికిని తమలో తామును, అందఱు కలిసి కంపెనీతోడను కలహించుచుండుట అంతకు మించిన వింత. దూరమునుండి చూచువాడు ఇంత పాత యాటకు ఇంత రభస యేల యని నవ్వవచ్చును. నాకు మాత్రము ఆ రభసలోనే ఆ యాట దీర్ఘాయుష్షునకు కారణము దాగియున్నట్లు తోచుచున్నది. అయినను ఆటగాండ్ర ప్రతి ఫిర్యాదును న్యాయమైనదని నేనొప్పుకొనను. కొన్ని వట్టి మొండిపట్టులు; కొన్ని కంపెనీ చెవినిబెట్టక తీఱనివి.

ఆట యెఱుగనివారి కొఱకు క్లుప్తముగా చెప్పెదను. ఆరంభమున ఆటగానికి సాధారణముగా ఒక టౌన్ సెంటర్, ముగ్గురు విలేజర్లు, గుఱ్ఱమునెక్కి తిరుగు వేగులవాడొకడు, 200 పాళ్ల ఆహారము, అంతే కలప, కొంత బంగారము, కొంత రాయి లభించును. చీకటియుగమునుండి ఫ్యూడల్ యుగమునకు, అచటినుండి కోటల యుగమునకు, తుదకు సామ్రాజ్యయుగమునకు ఎక్కుచు, 200కు మించని జనముతో శత్రువును కూలద్రోయవలెను. ఈటెవాడు గుఱ్ఱపువానిని నిలువరించును; గుఱ్ఱపువాడు విలుకానిని తొక్కివేయును; విలుకాడు మెల్లగా నడచు ఖడ్గధారులను చేరనీయక దూరమునుండియే తీర్చును. ఇంతవఱకు చెప్పుట సులభమే. కాని యుద్ధము మాట అటుంచి, మొదటి పది నిమిషములలోని యొక చిన్న పనిని చూడుడు. ఊరికి కొంతదూరమున అడవిపంది యుండును. దానియందు 340 పాళ్ల ఆహారము కలదు. ఒక విలేజరును పంపి బాణము వేయింపగా అది రేగి వెంటబడును. వాడు తిన్నగా టౌన్ సెంటర్ నీడకు పరుగెత్తుకొనిరాగా, అచట గొఱ్ఱెలను కోయుచున్న తక్కినవారందఱును ఒక్కపెట్టున పైబడి దానిని కూల్చవలెను. తగినంత రెచ్చగొట్టక మరలినచో పంది తన చోటికి పోవును. క్షణమాలసించినచో విలేజరు ప్రాణము పోవును. శత్రువు ముఖమైనను చూడకముందే పందివాతబడి చచ్చిన మనుష్యుని చూచి ఆటగాడు తలపట్టుకొనుటయు, జట్టులోని నేస్తము 11 అను అంకెను పంపి ఆటలోని వికటహాసమును వినిపించుటయు పాతికేండ్లుగా జరుగుచునే యున్నవి. 2000 తరువాతి దశాబ్దమున హైదరాబాదులోని ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతయని చెల్లించి ఆడినవారికిని, ఇంజనీరింగు కళాశాలల హాస్టళ్లలో కంప్యూటర్లకు తీగలు కలిపి తెల్లవారువఱకు ఆడినవారికిని ఈ నవ్వు పరిచితమే.

ఆటగాండ్ర యభిప్రాయమునకు ఇంత బరువేల యనుటకు సమాధానము ఆట చరిత్రలో నున్నది. 2000లో ‘ది కాంకరర్స్’ అను విస్తరణ వచ్చి, ఆటగాడు ఎన్నుకొనగల జాతులు 13 నుండి 18 అయిన తరువాత, ఆటను గూర్చిన కంపెనీ శ్రద్ధ క్రమముగా వేఱు దారులు పట్టినది. ఆటగాండ్రు గుమికూడుచుండిన మైక్రోసాఫ్ట్ వారి జోన్ 2006లో ఈ యాటకు తలుపులు మూసినది. 2009 ఆరంభమున ఎన్సెంబుల్ స్టూడియోసే మూతపడినది. తల్లియింటివారు విడిచిపెట్టిన యీ యాటను వూబ్లీ వంటి వేదికలపై నిలిపినవారు ఆటగాండ్రే. వెడల్పు తెరలపై ఆట సరిగా కనబడునట్లు సవరణలు వ్రాసినవారును, పాత దోషములను దిద్దినవారును వారే. వారిలో కొందఱు అభిమానులు ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ అను పేర తమ సొంత విస్తరణను నిర్మింపగా, దానిని 2013లో మైక్రోసాఫ్ట్ వారే అధికారికముగా స్వీకరించి విక్రయించిరి. అదే యేడు వెలువడిన హెచ్.డి. ప్రతి నచ్చక, పోటీయాటగాండ్రలో అనేకులు పాత ఆటనే వూబ్లీపై ఆడుచుండిరి. అంతటితో నాగక, కంపెనీవారి కొత్త జాతులను ‘వొలొలో కింగ్‌డమ్స్’ అను పేర పాత ఆటలోనికి తామే దింపుకొనిరి. ఊరివారు ఏటేటా పూడిక తీసి, గట్టు వేసి కాపాడుకొన్న చెరువు క్రింద నీటి పంపకము మార్చునపుడు వారిని అడుగకుండుట ఎట్టిదో, ఈ యాట విషయమున ఆటగాండ్రను కాదనుటయు అట్టిదే. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ అను కొత్త ప్రతి ఆ శ్రమకు చేరిన ఫలమే గాని, కంపెనీవారికి అకస్మాత్తుగా తట్టిన యూహ కాదు.

ఇక తగవుల సంగతి. 1999లో పొలము పంట అయిపోయినపుడెల్ల ఆటగాడు స్వయముగా చూచుకొని మరల విత్తవలసియుండెను. కాంకరర్స్‌లో మిల్లువద్ద ముందుగానే విత్తనములకు కలప చెల్లించి వరుస కట్టించు సౌకర్యము వచ్చినది. డెఫినిటివ్ ఎడిషన్‌లో పొలము తనంతట తానే విత్తుకొనును. వేగులవానిని సైతము ఒక్క మీట నొక్కి దేశసంచారమునకు విడువవచ్చును. ఇది చూచి పాతవారిలో కొందఱు, కష్టపడి నేర్చిన విద్య విలువ పడిపోయినదని వగచుచున్నారు. ఈ వగపునందు నాకు సానుభూతి కలుగలేదు. పొలము విత్తుట యుద్ధనీతి కాదు, అది గుమాస్తాపని. తన సైన్యము కొండమీద నిలువవలెనా, కోట ముందు కట్టవలెనా, వర్తకమునకు బండ్లను పంపవలెనా యని యోచింపవలసినవానిని పంటలెక్కలతో బంధించుటవలన ఆట గొప్పదగునని నేను నమ్మను. పైగా నిజమైన ప్రవీణులు వేగులవానిని యంత్రమున కప్పగింపక నేటికిని తామే నడుపుచున్నారు. శత్రువుల యూరెక్కడ, గొఱ్ఱెలెక్కడ యని వెదకుటలో మనుష్యుని కన్ను ఇంకను ముందున్నది. అమెరికా వ్యాఖ్యాత టీ-నైంటీ తక్కువ రేటింగువారి పోటీలను గూడ హాస్యరసముతో వివరించి చూపుచుండగా, వేలమంది ఆ తప్పటడుగులను ప్రీతితో చూచుచున్నారు. అట్టి కొత్తవారు ప్రవేశించుటకు గడప కొంచెము తగ్గించినచో పెద్దల గౌరవమునకు వచ్చిన లోటేమి?

నియమములను మార్చుటయా మానుటయా యన్న ప్రశ్నకు ఎదుటి యుదాహరణముగా 1998లో బ్లిజార్డు వారు వెలువరించిన స్టార్‌క్రాఫ్ట్‌ను చెప్పుచుందురు. దానిలోని మూడు జాతుల బలాబలములను సరిదిద్దిన కడపటి మార్పు 2001లో జరిగినది. ఆ తరువాత కంపెనీ వాటిని తాకలేదు. దక్షిణ కొరియాలో ఆ క్రీడకై ప్రత్యేక టెలివిజను ఛానళ్లే నడచిన కాలమున, ఒక జాతి పైచేయి సాధించుచున్నట్లు తోచినపుడెల్ల పోటీలు నడుపువారు నియమములను గాక మైదానములను మార్చిరి. ఇఱుకు దారులు, గని స్థలములు, నడుమ మిట్టలు, వీటి కూర్పు చేతనే తూకము నిలిపిరి. ఇది ఎంతయు శ్లాఘనీయమే. కాని మూడు జాతులకు చెల్లినది 50 జాతులకు చెల్లదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో 2025 నాటికి జాతుల సంఖ్య అంతవఱకు పెరిగినది. అందఱికిని సమన్యాయము చేయు మైదానమును ఏ శిల్పియు గీయజాలడు. కావున అప్పుడప్పుడు అంకెలను సవరించుట తప్పదు. తరచు సవరించుట మాత్రము, నిన్న నేర్చిన పాఠమును నేడు చెఱిపివేయుటయే యగును. సవరణ వచ్చిన ప్రతిసారియు సైనికులు దారి తప్పి ఒకరినొకరు తోసికొనుచున్నారని ఆటగాండ్రు మొఱపెట్టుట అందఱు నెఱిగినదే. అది మొండితనము గాదు. కన్నులెదుట కనబడు లోపము.

మన దేశమునకు సంబంధించిన మార్పొకటి 2022 ఏప్రిలులో జరిగినది. అంతకుముందు ‘ఇండియన్స్’ అను పేర ఒకే మూటగా నుండిన జాతిని విడదీసి, హిందూస్థానీలు, గూర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అని నాలుగు చేసిరి. ద్రావిడుల కథానాయకుడు రాజేంద్ర చోళుడు. వారి సైనికులు పలుకునది తమిళము. కాకతీయులకును విజయనగరమునకును వేఱుగా చోటు లేదు. ఓరుగల్లు కోట గట్టదలచిన తెలుగు కుఱ్ఱవాడు తమిళమున బదులు పలుకు బంట్లతోనే కట్టవలెను. దీనికి నేనంతగా నొచ్చుకొనలేదు. వినదగిన ఫిర్యాదు మఱొకటి. ద్రావిడులకు నైట్ అను కవచధారియైన ఆశ్వికుడు లేడు; అరేబియా వంటి బయలు మైదానమున వేగముగల గుఱ్ఱము లేనివాడు సగము ఓడినట్లే. నిర్మాతల పక్షమున చరిత్ర కొంత సాక్ష్యము చెప్పును. దక్షిణమునకు మేలుజాతి గుఱ్ఱములు సముద్రముమీద రావలసియుండెను. పాండ్యదేశమునకు ఏటేటా దిగు గుఱ్ఱములను గూర్చి మార్కోపోలో వ్రాసినాడు. ఢిల్లీ ప్రభువును అశ్వపతియనియు, ఓఢ్రరాజును గజపతియనియు, విజయనగరాధీశుని నరపతియనియు పిలిచిన మన పూర్వులే ఈ విభాగమును ఏనాడో ఒప్పుకొన్నట్లున్నది. అయినను గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్రవర్తకులకు అభయశాసనము వేయించుటయు, విజయనగర రాయలు పోర్చుగీసువారి గుఱ్ఱములకై ధనము కుమ్మరించుటయు ఎఱిగినవాడు, గుఱ్ఱము లేమి వేఱు, కొన్న గుఱ్ఱములతో దళము నిలుపుకొనుట వేఱు అని తప్పక అడుగును. బంగారము రెట్టింపు చెల్లించి నైట్‌ను తెచ్చుకొను ఏర్పాటొకటి యుండినచో చరిత్రయు నిలుచును, ఆటయు నిలుచును.

అన్నింటికంటె పెద్ద కలహము 2025 మే నెలలో రేగినది. ‘త్రీ కింగ్‌డమ్స్’ అను విస్తరణలో ఐదు జాతులు వచ్చినవి. వానిలో జుర్చెన్లను, ఖితాన్లను ఆటగాండ్రు చేతులు చాచి పిలిచిరి. చిరకాలముగా వారి కొఱకు ఎదురుచూచినవారు గలరు. తక్కిన మూడు చీనాదేశపు మూడవ శతాబ్దమునాటి షూ, వెయ్, వూ రాజ్యములు. ఆక్షేపణలు రెండు. రోము పతనమునకు పూర్వమే, కొలది దశాబ్దములు మాత్రము నిలిచిన రాజ్యములను జాతులని చెప్పి, బైజాంటియన్ల సరసను, మంగోలుల సరసను కూర్చుండబెట్టుట యేమి సబబు? లియూ బెయ్, చావ్ చావ్ వంటి వీరులను పేరుపెట్టి కోటలో తయారుచేసికొని, అందఱును తలపడు ర్యాంకు పోటీలలో నడిపించుట యేమి న్యాయము? ఇంతకుముందు వీరులుండినది కథాభాగములందు మాత్రమే. జోన్ ఆఫ్ ఆర్క్ అట్టి నాయిక. సమానపోటీలో బంటు పేరులేనివాడు. వాని ప్రతాపమంతయు నడిపించువాని చేతిలోనిది.

మొదటి ఆక్షేపణ నాకంత గట్టిదిగా తోచలేదు. ఐదవ శతాబ్దపు అట్టిలా ఈ యాటలో 2000 నుండియు నున్నాడు. కాలమును గూర్చి అంత నిష్ఠ ఈ యాటకు పుట్టుకనుండియు లేదు. రెండవది బలమైనది. ఒక్క వీరుడు చుట్టునున్న సేన బలమునే మార్చునపుడు, పదాతిని పదాతితో లెక్కించి ఎదుటివాని నూహించు పాత గణితమంతయు తప్పును. ఆ గణితమే ర్యాంకు పోటీకి పునాది. ఆరు నెలల ముందే, 2024 నవంబరులో, ప్రాచీన గ్రీసును గూర్చిన ‘క్రానికల్స్’ను వెలువరించినపుడు ఆ జాతులను ఇదే కంపెనీ ర్యాంకు పోటీలకు వెలుపల వేఱుగా నుంచినది, నాడెవ్వరును కోపింపలేదు. మూడు రాజ్యములకును ఆ పొరుగుననే పీట వేసియుండినచో ఈ రభసలో ముప్పాతికవంతు తప్పియుండెడిది.

కంపెనీ పక్షమునను ఒక మాట చెప్పవలెను. ఏండ్ల క్రిందట ఒకసారి సొమ్ము చెల్లించి, నేటికిని దినదినము సర్వరు వాడుకొనువాని ఖర్చును భరించుటకు కొత్త విస్తరణల యమ్మకమే యాధారము. చీనా విపణి పెద్దది. అచటివారికి ఆ మూడు రాజ్యముల కథ మన భారతకథవలె ఇంటింట తెలిసినది. వ్యాపారులు అటు చూచుటలో ద్రోహమేమియు లేదు. చేయవలసిన దెట్లో వారికే తెలియును: 2023లో రోమన్లను తెచ్చినపుడు మొదట ర్యాంకు పోటీలకు వెలుపలనే యుంచిరి, ఆటగాండ్రు ఆడిచూచి, తామే కోరిన తరువాత లోనికి రానిచ్చిరి. కోరినవారు వారే గనుక గొణుగుడు అణగిపోయినది. ఆ పద్ధతిని వ్రాతపూర్వకమైన నియమముగా చేసికొనుటకు అడ్డేమి? ఏ కొత్త జాతియైనను కొన్ని నెలలు వెలుపలి పంక్తిలో కూర్చుండి, ఆడువారి సమ్మతితో లోపలికి రావలెను. వీరులు కథాభాగములలో నుందురు గాక.

అడుగవలసినది మఱొకటి కూడ నున్నది. ‘ది క్రూ’ అను కారు పందెముల ఆటకు యూబీసాఫ్ట్ వారు 2024 మార్చితో సర్వర్లను ఆపగా, సొమ్ము చెల్లించి కొన్నవారి చేతిలో పనికిరాని పెట్టె మిగిలినది. దానిపై ఐరోపాలో లేచిన పౌరుల విన్నపమునకు 2025 జూలై నాటికి పది లక్షల సంతకములు దాటినవి. మైక్రోసాఫ్ట్ జోన్ మూతపడిన నాడు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆటగాండ్రు వేఱు పంచ చూచికొనగలిగినది, కంపెనీ అనుమతి నడుగకయే యిద్దరు కంప్యూటర్లు కలుపుకొని ఆడు వీలు ఆ పాత ఆటలో నుండుటచేతనే. మైక్రోసాఫ్ట్ సర్వర్లు ఏనాటికైనను ఆగిన పిమ్మటను డెఫినిటివ్ ఎడిషన్‌ను పదిమంది కలిసి ఆడుకొనుటకు ఏమేమి కావలెనో అవి నేడే కొన్నవారి చేతికి రావలెను.